చీము పట్టని సెగ

ద్రాక్షారామం భీమేశ్వరస్వామికి తెల్లవారుజామున మేలుకొలుపు సన్నాయి వాయించినవాళ్ళలో మా తాత ఒకడు. గుళ్ళో పని అయ్యాక అదే తాత వేగాయమ్మపేట దారిలో చింతచెట్టు కింద పొది విప్పుకుని గడ్డాలు గీసేవాడు. ఎవరి వీపు మీదైనా కురుపు లేచిందంటే దాన్ని నొక్కి చూసి, పండిందనుకుంటే కోసి, చీము పిండి, వేపాకు ముద్ద పెట్టి కట్టు కట్టేవాడు. ఆ వేళకి మా మామ్మ ఎవరి పురిటి గదిలోనో ఉండేది. దేవుడి పాట, మగవాళ్ళ గడ్డం, ఊరి కురుపులు, ఆడవాళ్ళ కాన్పులు, అన్నీ ఒకే కొంప పని. ఇప్పుడు మమ్మల్ని నాయీబ్రాహ్మణులంటున్నారు. మా చిన్నప్పుడు మంగలాళ్ళు అనేవారు, అదీ కాస్త మర్యాదగా పిలిచినప్పుడు.

ఆ ఇంట్లో పుట్టి, ఏ.ఎన్.ఎం. ట్రైనింగు అయి, గౌతమికి ఈవలా ఆవలా సబ్ సెంటర్లలో పనిచేసి రిటైరైనదాన్ని. నేను రాయబోయేది ఒక జబ్బు గురించి, దాన్ని చూడాల్సిన కళ్ళ గురించి. పాలిచ్చే తల్లికి వచ్చే సెగగడ్డలాగే రొమ్ము ఎర్రబడి, వేడెక్కి, వాచిపోయే క్యాన్సర్ ఒకటుంది. డాక్టర్లు ఇన్‌ఫ్లమేటరీ బ్రెస్ట్ క్యాన్సర్ అంటారు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి నుంచి ఐదు దాకా ఈ రకం. తక్కువే, కానీ వచ్చిందంటే వారాల్లో ముదురుతుంది. మా పక్క ఆడవాళ్ళ రొమ్ముని ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అన్న లెక్క తేల్చకుండా ఈ జబ్బు కథ చెప్పలేం.

మా గుడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. అఖండదీపానికి ఎవరు ఎన్ని గొర్రెలిచ్చారో వాటిల్లో చదువుకోవచ్చు. పురుళ్ళ మాట ఉన్న శాసనం కావాలంటే గుంటూరు వైపు మల్కాపురం వెళ్ళాలి. 1261 నాటి ఆ శాసనంలో కాకతీయుల గురువు విశ్వేశ్వర శివాచార్యులు నడిపిన మఠానికి గణపతిదేవుడు, రుద్రమదేవి ఊళ్ళు ఇచ్చిన సంగతి ఉంది. ఆ మఠంలో ప్రసూతిశాల ఒకటి, ఆరోగ్యశాల ఒకటి ఉండేవట. రుద్రమ ఇచ్చిన ఊరు వెలగపూడి, ఇవాళ మన సచివాలయం ఉన్నచోటు. ఏడొందల అరవై ఏళ్ళ కిందటే కాన్పుకి వేరే శాల ఉండాలని ఎవరికో తోచిందంటే నాకు ముచ్చటగానే ఉంటుంది. మిగతా ఊళ్ళన్నిటికీ మాత్రం మంత్రసానే శాల.

కత్తి సంగతికొస్తే, మా ఊరికి దేశంకాని దేశం చుట్టరికం కూడా ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు ద్రాక్షారామంలో ఫ్యాక్టరీ పెట్టి, ఇక్కడి నేతబట్టలు కొని ఓడలకెక్కించేవారు. వాళ్ళ కంపెనీ ఓడల్లో వైద్యుడంటే గడ్డం గీయడం, గడ్డ కోయడం రెండూ వచ్చినవాడే. యూరప్‌లో కూడా ఈ రెండు పనులూ చాలాకాలం ఒకే పొదిలో ఉన్నాయి. వాళ్ళలో కొందరు తర్వాత కాలేజీలు పెట్టుకుని సర్జన్లయ్యారు. మావాళ్ళు సెలూన్లు పెట్టుకున్నారు.

మామ్మకి కాన్పు ఒక రాత్రి పని, పురుడు నెల పని. రోజూ పొద్దున్నే వెళ్ళి వావిలాకు వేసి కాచిన నీళ్ళతో బాలింతకి స్నానం చేయించేది. ఆ చేతుల్తోనే రొమ్ములు తడిమి చూసేది. ఒకపక్క గట్టిగా తగిలితే పిల్లాడు ఆ పక్క సరిగ్గా తాగట్లేదన్నమాట. వేడి గుడ్డతో కాపి, పాలు పిండేసేది. తమలపాకుకి ఆముదం రాసి దీపం సెగన వెచ్చచేసి అంటించేది. బిడ్డ పోయి పాలు ఆగాల్సొస్తే మల్లెదండలు రొమ్ముల చుట్టూ కట్టేది. ఈ మల్లెపూల సంగతి చదువుకున్నవాళ్ళకి నవ్వులాటగా ఉండేది. 1988లో వెల్లూరు డాక్టర్లు మల్లెపూలనీ, పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మాత్రనీ పక్కపక్కన పెట్టి పరీక్షించి, పూలు కూడా పనిచేస్తున్నాయని రాశాక నవ్వు తగ్గింది. ఆ కాగితం మామ్మకి చదివి వినిపిద్దామంటే అప్పటికి ఆవిడ లేదు.

ఇంత చేసినా ఒక్కోసారి గడ్డ లేచేది. చలిజ్వరం, రొమ్ము నిప్పులా కాలడం, నొప్పికి బాలింత చెయ్యి ఎత్తలేకపోవడం. అప్పుడు ఉమ్మెత్తాకు వెచ్చచేసి పట్టు వేసేది. వారం తిరిగేసరికి గడ్డ మెత్తబడి ఒకచోట మూతి కట్టాలి. కట్టాక తాత కత్తి తెచ్చి, సాన పట్టి, దీపం మంటలో కాల్చి తనే కోసేది. మగవాణ్ణి ఆ గదిలోకి రానిస్తారా? మూతి కట్టని గడ్డ మీద మాత్రం కత్తి పెట్టేది కాదు. పచ్చిగడ్డ కోస్తే రక్తమే తప్ప చీము రాదని, పుండు మానదని మా ఇంట్లో పొది పట్టిన ప్రతివాడికీ ముందు నేర్పే పాఠం. ఈ వైద్యమంతా మంచిదని నేననను. ఉమ్మెత్త విషం. ఆ కత్తి పడ్డ చోట మళ్ళీ చీముపట్టి తల్లుల ప్రాణాలు పోయిన ఇళ్ళు కూడా ఊళ్ళో ఉన్నాయి.

నేను గమనించింది వేరు. ఆడదాని రొమ్ముని ఇంకొకరు పగటి వెలుతురులో, రోజూ, చేత్తో ముట్టుకుని చూసే హక్కు ఆచారం ఇచ్చింది ఆ పురిటి నెలకే. పురుడు వెళ్ళిందా, రవిక తొడిగిందా, ఇక ఎవరికీ పని లేదు. మామ్మ తన జన్మలో రవిక తొడగలేదు. ఆ తరంలో చాలామందికి పైటే. కాలవ రేవులో పదిమంది కలిసి స్నానాలు చేసేవారు గనక, చూడాలని కాకపోయినా తోటివాళ్ళ కళ్ళు పడేవి. రవికలొచ్చాయి, ఇళ్ళలో స్నానాల గదులొచ్చాయి. మర్యాద పెరిగింది, కాదనను. యాభై ఏళ్ళామె ఒంట్లో మార్పొస్తే చూసే మనిషి మాత్రం తను తప్ప లేకుండా పోయింది. ఆవిడకేమో అద్దం ముందు రవిక లేకుండా నిలబడ్డం సిగ్గు.

పుస్తకాల్లోనూ ఇలాంటి ఖాళీయే ఉంది. మా తమ్ముడి కొడుకు విజయవాడ నోరి రామశాస్త్రి కాలేజీలో ఆయుర్వేదం చదివాడు. వాడి సుశ్రుతం తిరగేయించి చూశాను. నిదానస్థానం పదో అధ్యాయంలో విసర్పం, అంటే ఒంటిమీద ఎర్రగా పాకే సెగ, దాంతోపాటే స్తనరోగాలూ ఉన్నాయి. కన్యలకి రొమ్ములో నాళాల ద్వారాలు మూసుకుని ఉంటాయి కాబట్టి ఈ జబ్బులు రావని, గర్భం వచ్చి కాన్పయ్యాక అవి తెరుచుకుంటాయి కాబట్టి వస్తాయని సుశ్రుతుడు అందులో చెప్పాడు. పదకొండో అధ్యాయంలో అర్బుదం. గుండ్రంగా, కదలకుండా, నొప్పి పెద్దగా లేకుండా, నిదానంగా పెరుగుతూ, పక్వానికి రాకుండా ఉండేది అర్బుదమట. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువవాటికి ఈ వర్ణన ఇవాళ్టికీ సరిపోతుంది. నేను చెప్పే జబ్బుకి మాత్రం పదో అధ్యాయపు రూపం, పదకొండో అధ్యాయపు స్వభావం. ఎర్రగా పాకుతుంది, కాలుతుంది, కానీ పక్వానికి రాదు. చేతికి గడ్డ తగలదు. పదో అధ్యాయం ప్రకారం చూసిన వైద్యుడు పండేదాకా కాపడం పెడుతూ కూర్చుంటాడు. పదకొండో అధ్యాయం ప్రకారం చూసినవాడు గడ్డే లేదు కాబట్టి ఇది కాదంటాడు.

ఇంగ్లీషు వైద్యం కూడా ఇక్కడే తడబడింది. రొమ్ములో గడ్డ మీది చర్మం ఊదారంగుకి తిరిగి పోట్లు మొదలైతే అది మంచి సూచన కాదని 1814లో చార్లెస్ బెల్ అనే స్కాట్లండ్ సర్జన్ రాశాడు. ఆ తర్వాత నూరేళ్ళకి పైగా ఒక్కో డాక్టరు ఒక్కో పేరు పెట్టుకుంటూ పోయాడు. విసర్పం లాంటి క్యాన్సర్ అని కూడా పిలిచారు, సుశ్రుతుడి అధ్యాయం వాళ్ళు చదవకపోయినా. 1924లో న్యూయార్క్ మెమోరియల్ హాస్పిటల్‌లో లీ, టానెన్‌బామ్ అనే ఇద్దరు 28 మంది రోగుల వివరాలు రాసి ఇప్పుడున్న పేరు స్థిరపరిచారు. 1943లో హాగెన్సన్, స్టౌట్ అనే మరో ఇద్దరు, ఏ రొమ్ము క్యాన్సర్లకి ఆపరేషన్ చేయకూడదో జాబితా వేసి, అందులో దీన్ని చేర్చారు. కోసినకొద్దీ కోసినచోటే తిరిగి లేస్తోంది, మనిషి దక్కట్లేదు. అయిదేళ్ళు బతికినవాళ్ళు నూటికి అయిదుగురు కూడా లేని రోజులవి.

కారణం ఇప్పుడు తెలుసు. చర్మంలో ఒంటినీరు పారే సన్నటి లింఫు నాళాలుంటాయి. క్యాన్సర్ కణాలు గుంపులుగా చేరి వాటిని మూసేస్తాయి. నీరు కదలక చర్మం ఉబ్బుతుంది, ఎర్రబడుతుంది, వెచ్చబడుతుంది. సూక్ష్మజీవి లేదు కాబట్టి చీమూ లేదు, చాలామందికి జ్వరమూ ఉండదు. గడ్డ కట్టకుండా పొరలు పొరలుగా పాకుతుంది కాబట్టి మామోగ్రాంలో కూడా ఒక్కోసారి గడ్డ కనపడదు.

డెబ్భైల చివర మా మేనత్తకి వచ్చింది. మామ్మ కన్నకూతురే. గోదావరి అవతల ముక్తేశ్వరం వైపు ఇచ్చాం. నెలసరి ఆగిపోయి కొన్నేళ్ళయింది, ఆఖరి పిల్లాడు హైస్కూల్లో ఉన్నాడు. ఎడమ రొమ్ము ఎర్రబడి బరువెక్కింది. అక్కడ ఒక డాక్టరు ఇన్ఫెక్షనని ఇంజెక్షన్లు పొడిచాడు. తగ్గకపోతే ఇంకో మందు మార్చాడు. అదీ తగ్గకపోతే పంటెక్కి కోటిపల్లి దాటి పుట్టింటికి వచ్చింది. అప్పటికి మామ్మకి చూపు సగమే. రవిక విప్పించి, వెలుతురులో కూర్చోబెట్టి, అరచెయ్యి ఆనించింది. చూపుడువేలితో నొక్కి తీసింది. పడ్డ గుంట పడ్డట్టే ఉంది. చర్మమంతా చిన్న చిన్న గుంటలు, పంపరపనస తొక్కలా. డాక్టర్లు నారింజ తొక్క అనేది దీన్నే. చర్మం ఉబ్బినా, వెంట్రుక కుదుళ్ళ దగ్గర లోపలికి పట్టి ఉంటుంది కాబట్టి అలా కనిపిస్తుంది.

"జొరం వచ్చిందా?"

"లేదమ్మా."

"మూతి ఎక్కడైనా కట్టిందా?"

"లేదే."

"పాలు లేని రొమ్ముకి పాలసెగ ఎక్కణ్ణించొస్తాది?" అని నావైపు తిరిగింది. "ఇది నా చేతిది కాదు. పట్నం తీసుకుపో, ఇయ్యాలే."

మామ్మకి క్యాన్సర్ తెలిసిపోయిందని చెప్పను. తనకి తెలిసిన జబ్బు కాదని మాత్రం తెలిసింది. నూరు సెగగడ్డలు చూసిన మనిషికి నూటొకటోది సెగగడ్డ కాదని తెలియడం చిన్న విద్య కాదు. ఆ విద్య పోగొట్టుకున్నామనే నా బాధ.

కాకినాడ పెద్దాసుపత్రిలో చర్మం ముక్క తీసి పరీక్షకి పంపారు. అక్కణ్ణించి విశాఖపట్నం కె.జి.హెచ్.కి. అత్త మరుసటి సంక్రాంతి చూడలేదు.

కాకినాడ ప్రయాణం మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. 1928లో కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి రైలు వేశారు. 1940లో యుద్ధం పేరు చెప్పి పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ రైలు నడిచింది 2004లో. మధ్యలో మా తరాలన్నీ బస్సులకీ, అంతకుముందు కాలవ పడవలకీ, ఎడ్లబళ్ళకీ. రామచంద్రపురంలో కెనడా మిషన్‌వాళ్ళు కుష్ఠురోగులకి ఆశ్రమం నడిపారు, పిఠాపురంలో వాళ్ళదే ఆసుపత్రి, అందులో డాక్టర్ జెస్సీ ఆలిన్ అనే దొరసాని ఏళ్ళ తరబడి ఆడవాళ్ళకి వైద్యం చేసింది. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీ 1958 నాటిది. చూపించుకోవాలనుకున్న ఆడమనిషికి దారి లేకపోలేదు. ఆ దారి పట్టించే మనిషి ఇంట్లో ఉండాలి.

అత్త పోయిన రోజుల్లోనే అమెరికాలో ఈ జబ్బుకి వైద్యం తిరగబడుతోంది. మొదట కత్తి కాదు, మొదట కీమోథెరపీ మందులు. వాపు తగ్గాక రొమ్ము మొత్తం తీసెయ్యడం. ఆ తర్వాత రేడియేషన్. డెబ్భైలలో మొదలైన ఈ వరసే ఇవాళ్టికీ నడుస్తోంది. మరీ దూరం పాకకముందే పట్టుకుంటే చాలామంది ఏళ్ళ తరబడి బతుకుతున్నారు.

కీమో అనగానే మన గోదావరి మనిషి గుర్తురావాలి. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. అమెరికా వెళ్ళి లెడర్లీ కంపెనీలో పరిశోధనలు నడిపాడు. ఆయన బృందం నుంచి వచ్చిన మందుల్లో రెండు నా కథకి కావాలి. ఒకటి ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి యాంటీబయాటిక్, 1948లో లోకానికి తెలిసింది. రెండోది మెథోట్రెక్సేట్. 1951లో జేన్ రైట్ అనే నల్లజాతి డాక్టరమ్మ దీనితో రొమ్ము క్యాన్సర్ గడ్డలు కరగడం చూపించింది. తర్వాత చాలా ఏళ్ళు రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చిన మందుల జోడింపులో ఇదీ ఒకటి. ఎర్రబడ్డ రొమ్ము ముందు డాక్టరు తేల్చుకోవాల్సింది ఈ రెండు జాతుల మధ్యే. సూక్ష్మజీవిని చంపే మందా, క్యాన్సర్ కణాన్ని చంపే మందా? రెండు అలమరలూ నింపడానికి చెయ్యి వేసినవాడు ఒక్కడే. ఏ అలమర తెరవాలో చెప్పాల్సిన పని మనకి మిగిల్చి 1948లోనే పోయాడు.

మంత్రసాని పని ఎలా పోయిందో చెప్పి ముగిస్తాను. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సులకీ మంత్రసానులకీ రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. మా మామ్మలాంటివాళ్ళ గడప దాకా అది రాలేదు. డెబ్భైలలో దాయీలకి ట్రైనింగులిచ్చి, బ్లేడు, దారం ఉన్న పెట్టెలిచ్చారు. నేనే కొందరికి నేర్పాను. 2005లో జననీ సురక్ష వచ్చింది, అదే ఏడు మన రాష్ట్రంలో 108 బళ్ళొచ్చాయి. కాన్పులన్నీ ఆసుపత్రికి వెళ్ళిపోయాయి. తల్లీబిడ్డా బతుకుతున్నారు, దానిమీద నాకు రెండో మాట లేదు. కానీ ఆసుపత్రి బాలింతని రెండో రోజో మూడో రోజో ఇంటికి పంపిస్తుంది, అక్కడ వావిలాకు నీళ్ళు పోసే చెయ్యి లేదు. ఉన్న ఆ ఒక్క నెల చూపూ పోయింది.

ఆ లోటు పూడ్చడానికి ప్రయత్నం జరగలేదని కాదు. టాటా మెమోరియల్‌వాళ్ళు 1998లో ముంబైలో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు ఒక పరీక్ష నడిపారు. సుమారు లక్షన్నర మంది ఆడవాళ్ళు. పెద్ద చదువులు లేని ఆడ కార్యకర్తలకి నేర్పి, చేత్తో రొమ్ములు పరీక్షింపజేశారు. యాభై దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు ముప్ఫై శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. అంటే మామ్మ చెయ్యి లాంటి చెయ్యే, నేర్పి పంపితే. 2016 నుంచి ముప్ఫై దాటిన ఆడవాళ్ళని ఏ.ఎన్.ఎం.లు అయిదేళ్ళకోసారి ఇలా చూడాలని కేంద్రం నియమం పెట్టింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని క్యాన్సర్ వైద్యానికి ఇల్లు అమ్ముకునే రోజులూ కొంత తగ్గాయి. నా లెక్క ప్రకారం లోపం ఇంకోచోట ఉంది. అయిదేళ్ళకోసారి చూసే చూపుకి, వారాల్లో ముదిరే ఈ జబ్బు అందదు. రెండు చూపుల మధ్యలో పుట్టి ముదిరిపోతుంది.

అందుకని మా ఆశా అమ్మాయిలు ఇంటికొచ్చి అడిగినప్పుడు, గడ్డ కోసం తడమడం ఒక్కటే కాదు, రవిక సంగతి అడగండని చెప్తాను. రవిక ఒకపక్కే బిగుతైందా? ఈమధ్య ఒక రొమ్ము బరువుగా, వెచ్చగా ఉందా? చనుమొన లోపలికి పోయిందా? చంకలో బిళ్ళ కట్టిందా? మన ఒంటిరంగుకి ఎరుపు అంత తేలిగ్గా కనపడదు, నల్లబడినట్టో ఊదాగానో నున్నగా మెరుస్తున్నట్టో ఉండొచ్చు. రొమ్ములో మూడోవంతు అయినా అలా మారి, అదంతా ఆరు నెలల లోపే జరిగిందంటే డాక్టర్లు ఈ జబ్బుని అనుమానించాలి. పాలిచ్చే తల్లికి ముందు యాంటీబయాటిక్ ఇవ్వడం తప్పు కాదు. వారం పది రోజుల్లో పూర్తిగా తగ్గకపోతే మాత్రం ఇంకో మందు మార్చమని కాదు, చర్మంతో సహా ముక్క తీసి బయాప్సీకి పంపమని అడగాలి. పాలిచ్చే వయసు దాటినావిడైతే ఆ వారం కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి.

మొన్న ఒకమ్మాయి, "అమ్మగారూ, మాకిచ్చిన పటంలో గడ్డ బొమ్మే ఉందండి, ఇలా ఎర్రబడ్డ బొమ్మ లేదండి" అంది. మా రోజుల్లో ఇచ్చిన పటంలోనూ లేదు. ఆ అమ్మాయి పటం వెనకవైపు ఖాళీగా ఉంటే ఊదారంగు స్కెచ్‌పెన్నుతో నేనే గీసిచ్చాను. నాకు బొమ్మలు రావు. కింద పేరు రాస్తేగానీ అది రొమ్మని తెలియట్లేదని పిల్లలంతా నవ్వారు. గుంటలు మాత్రం సరిగ్గా పెట్టాను.